మా గుడి టెనర్ వరస ఎవరికి చెందాలనగా

అరకు లోయలో మా మిషను గుడి పాటల బృందంలో, అంటే కాయిరులో, టెనర్ పాడుతున్నవాడిని, బొర్రా గుహల దగ్గర టూరిస్టు గైడుని, బి.ఎస్సీ. ఫిజిక్సు పాసైనవాడిని, ఆల్విన్ అనే నేను, బుద్ధి స్థిరంగానూ గొంతు అస్థిరంగానూ ఉన్న స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా, మా అమ్మ కాచిన మిరియాల పాలు తాగుతూ, స్వహస్తాలతో రాసిన వీలునామా.

నేను చావడం లేదు. దీన్ని చదివి అప్పుడే పూలదండలు కొనవద్దని మనవి. గుహలో గబ్బిలాలకూ టూరిస్టులకూ ఒకేసారి వినపడేలా అరిచి అరిచి నా గొంతు తీగ మీద ఒక బుడిపె లేచింది. సోమవారం విశాఖపట్నంలో ఆపరేషన్. "మాట్లాడగలవు బాబూ. పాట సంగతి మాత్రం ఇప్పుడు చెప్పలేను" అన్నారు డాక్టరు గారు. అంతవరకు నోరు విప్పొద్దన్నారు. మా అమ్మ తెరిసమ్మ వెంటనే ప్రార్థన చేసింది: "పెబువా, ఈడి నోరు మూయించడానికి అంత పెద్ద డాక్టరు కావలసొచ్చింది!" నోరు లేదు గనుక కాగితం పట్టాను. ఇది నా గొంతు వరకు మాత్రమే చెల్లే వీలునామా. శరీరం నా దగ్గరే ఉంటుంది.

ఒకటో దఫా. ఆస్తి వివరం. మా కాయిరులో గొంతులు పైనుంచి కిందికి నాలుగు: సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్. సొప్రానో వాళ్ళది పాట, బాస్ వాళ్ళది పునాది. టెనర్ అంటే చాలాసేపు ఒకే స్వరం మీద నిలబడి, మిగతావాళ్ళు ఊరంతా తిరిగొచ్చేదాకా ఇల్లు కాసేవాడు. పెళ్ళి వీడియోల్లో నేను వినపడను. నేను రాని ఆదివారం మాత్రం "ఏటో తక్కువైంది" అంటారు. ఆ "ఏటో" నా స్వార్జితం.

రెండో దఫా. బాస్ పాడే నా మిత్రుడు విల్సన్‌కు, గొంతులు కలిపే హార్మొనీ శాస్త్రంలోని, కింది గొంతు పై గొంతును దాటి ఎక్కరాదు అనే నియమాన్ని సర్వహక్కులతో దఖలుపరుస్తున్నాను. ప్రతి ఆమెన్‌కీ వీడు నా నెత్తి మీదుగా పైకి పోతాడు, మేడ కింద అద్దెకున్నవాడు డాబా మీద పక్క వేసుకున్నట్టు. అడిగితే, "ఒరే, మా అత్తోరు ఎనకాల కూకున్నారు, ఆళ్ళకి ఇనపడొద్దా?" అన్నాడు. నియమంతోపాటు నా అల్లం మురబ్బా డబ్బా కూడా తీసుకోవచ్చు. నా బెంచీ మాత్రం వీడికి లేదు. ఆ సంగతి కింద వస్తుంది.

మూడో దఫా. సొప్రానో డాలీకి. డో రే మీ ఫా సో లా టీ అనే మా సరిగమల్లో, పై డోకి ఒక్క గడప ఇవతల ఉండే స్వరం టీ. అంతదాకా వచ్చినవాళ్ళు లోపలికి అడుగు పెట్టాల్సిందే, గడప మీద నిలబడరాదని హార్మొనీ శాస్త్రం. డాలీ అక్కడే ఆగి ఊపిరి తీసుకుంటుంది. కాయిరంతా వీధిలో నిలబడుతుంది. ఆ నియమాన్నీ, లంబసింగి చలికని నేను కొన్న నీలం ఉన్ని మఫ్లర్‌నూ ఆమెకు ఇస్తున్నాను. మఫ్లర్ ఎందుకని అడిగితే, గొంతు వచ్చాక చెబుతాను. రాకపోతే ఆమే ఊహించుకోవాలి. ఊహించడంలో తొందరపడినా నాకు అభ్యంతరం లేదు.

నాలుగో దఫా. ఆల్టో పాడే మా చెల్లి జాయ్స్‌ను ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యురాలిగా నియమిస్తున్నాను. ఒక స్వరాల జట్టు నుంచి ఇంకో జట్టుకు మారేటప్పుడు రెండింటిలోనూ ఉన్న స్వరాన్ని కదపకుండా అదే గొంతులో ఉంచాలనే నియమం దానికి. ఇంట్లో అమ్మా నాన్నా చెరో జట్టులో ఉన్నప్పుడు కదలకుండా నిలబడేది అదే. గుహలో వాడే నా టార్చి కూడా దానిదే. ప్రాక్టీసులో కరెంటు పోతే అది నా చొక్కా పట్టుకుంటుంది. ఇకమీద టార్చి పట్టుకోవాలి.

ఐదో దఫా. అసలు ఆస్తి, అంటే టెనర్ వరస.

కొండ మీది ఊళ్ళవాళ్ళు జీపు దిగి వచ్చేసరికి గుడిలో బెంచీలు నిండిపోతాయి. వాళ్ళు నా బెంచీ వెనక చాప మీద కూర్చుంటారు. పుస్తకం చూడరు, దగ్గరున్న గొంతును పట్టుకుంటారు. దగ్గరున్నది నాది. ఇందులో ప్రమాదం ఉందని ఎవరికీ తోచలేదు.

మొన్న కోతల పండుగనాడు మా కాయిరు మాస్టారు ఏసుదానం గారు "ఇప్పుడు సంఘమంతా" అని చెయ్యెత్తగానే, చాప మీంచి, కొండ మీద కాఫీ తోటల్లో పనిచేసే చిన్నమ్మలత్త గుడి కప్పు అదిరేలా ఎత్తుకుంది. అది పాట వరస కాదు. నా టెనర్ వరస, మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా. చాపంతా ఆమె వెంట నడిచింది.

"ఏటమ్మా అది? పాట వరస అది కాదు" అన్నారు మాస్టారు.

"అదేటి మాస్టారూ, ఏళ్ళ బట్టి ఇదే పాడతన్నాం. కాపీ పళ్ళు కోసినప్పుడూ ఇదే, పిల్లల్ని పండబెట్టినప్పుడూ ఇదే. ఆ ముందర ఆడగుంటలు పాడేదే ఏటో వేరేగుంటాది" అంది అత్త.

సొప్రానోలు ముఖాలు చూసుకున్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను మాత్రం ఆ పూట అన్నం తినలేకపోయాను. నేను ఇల్లు కాస్తున్నాననుకున్న వరస, కొండ మీద సొంత ఇల్లు కట్టుకుని కాపురం ఉంటోంది.

ఇప్పుడు ప్రమాదం. నేను లేని క్రిస్మస్‌కు టెనర్ బదులు కీబోర్డులో మీట నొక్కితే చాలని, ఖాళీ అయిన బెంచీ స్థలంలో స్పీకర్ పెట్టె పెట్టాలని విల్సన్ ప్రతిపాదన. ఈలోగా చాప మీదివాళ్ళకు "సరైన పాట" నేర్పాలని మాస్టారి పట్టుదల. రెండూ జరిగితే నా వరస లోయలోనూ పోతుంది, కొండ మీదా పోతుంది. కనుక నా టెనర్ వరసను, బెంచీని, క్రిస్మస్ పాటల్లో నా స్థానాన్ని, కాఫీ తోటల్లో పనిచేసే చిన్నమ్మలుకు దాన విక్రయాది సర్వాధికారాలతో రాసి ఇస్తున్నాను. స్పీకర్ పెట్టె విల్సన్ ఒళ్ళో పెట్టుకోవచ్చు.

ఆక్షేపణలు రెండు. టెనర్ మగవాళ్ళదని మొదటిది. అత్త గొంతు నా గొంతంత కిందికీ దిగుతుంది, మార్గశిరం చలిలో ఇంకా దిగుతుంది. రెండోది గట్టిది. ఆమె కూతురు సోనికి ఆ వరస ఎత్తుగా ఉండి, ఐదు మెట్లు కిందికి పట్టుకుని తల్లి వెంటే నడుస్తుంది. మాస్టారి శాస్త్రంలో ఇంతకుమించిన పాపం లేదు. రెండు గొంతులు అదే ఐదు మెట్ల దూరంతో జంటగా నడిస్తే ఒక్కటే అయిపోతాయట, నలుగురిని పిలిచి ముగ్గురికే వడ్డించినట్టు. ఒప్పుకుంటున్నాను. గుడిలో సోని ఆ పని చేయదు. తోటలో మాత్రం తల్లీకూతుళ్ళు ఎలా నడిచినా అడ్డుపెట్టరాదు. ఆ దారిన వెళ్ళాల్సొస్తే మాస్టారు చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళవలెను.

ఆరో దఫా. నాకు డో అంటే ఏమిటో నేర్పిన ఏసుదానం మాస్టారికి ఏమీ రాయడం లేదు. కోపంతో కాదు. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు వీలునామాలో ఏం రాసినా చెల్లదని చట్టం అంటోంది. నాకు ఆయన సంతకమే కావాలి.

ఏడో దఫా. గొంతు తిరిగొచ్చినా నేను బెంచీ వెనక్కి అడగను. చాప మీద కూర్చుని అత్త గొంతు పట్టుకుంటాను. ఆమె జారిన చోట నేనూ జారతాను. రాకపోయినా అక్కడే కూర్చుంటాను. నా వరస ఎలా ఉంటుందో నేనింతవరకు బయటినుంచి వినలేదు.

ఇది నేను పూర్తిగా చదువుకుని, రెండుచోట్ల నవ్వుకుని, ఒకచోట ఆగి, సమ్మతించి చేసిన సంతకం.

అరకు లోయ, 2025 నవంబరు 28, శుక్రవారం.

(సం.) ఆల్విన్

సాక్షులు:

1. గాసి, జీపు డ్రైవరు. సదవలేదు, టైము లేదు. ఆడు సంతకం పెట్టడం సూసేను. సోమారం ఇశాపట్నం నానే తీసికెల్తాను.

2. ఏసుదానం, కాయిరు మాస్టరు. మొత్తం చదివాను. ఐదో దఫాతో ఏకీభవించను. చిన్నమ్మలు రెండో చరణంలో లా నుంచి సోకి దిగేటప్పుడు జారుతోంది. శనివారం ప్రాక్టీసుకు అందరికంటే ముందు తీసుకురమ్మని గాసితో చెప్పాను. సోని కూడా రావచ్చు, నోరు మూసుకుని.