లిస్టులో నీ పేరు

ఆదివారం, జనగామ

చిట్టీ, నువ్వు పోయాక మొదటిసారి మీ బడికి పోయాను. బాస్కెట్‌బాల్ జట్టులో ఎవరు గొప్పో లెక్కగట్టి గోడకు అంటించారు. నీ పేరు అందరికన్నా అడుగున ఉంది.

"ఆటకు ఎన్ని పాయింట్లని సగటు తీసినమమ్మా. ఆఖరి ఆటలల్ల ఆమెకన్నీ సున్నాలే," అన్నాడు కోచ్ సారు.

"దవాఖానల పడ్డ పిల్లకు సున్నాలేస్తరా?"

"ఆడేటోళ్ల లిస్టుల పేరున్నది గద!"

ఆ పేరు రాయించింది నీ దోస్తు స్వప్న. నువ్వు తిరిగొచ్చేదాకా నీ చోటు పోవద్దని ప్రతి ఆటకూ రాయించింది. ఛీ, ఆ ప్రేమను సున్నాలు చేశారు.

"నేనే ఆగం చేసిన పెద్దమ్మా," అని స్వప్న ఒకటే ఏడుపు. దాన్ని ఎట్లా ఓదార్చాలో...

దవాఖానలో ఈ అమ్మ చేత్తో పెట్టినా నీకు ముద్ద దిగలేదు. నీ ఫోటో ముందు విస్తరి పెట్టాను, ఇప్పుడైనా కడుపు నిండా తిను బిడ్డా.