ఆయన బిగించిన క్లచ్

మంగళవారం, జహీరాబాద్

అల్లం బస్తాలతో కోహీర్ నుంచి వస్తుంటే ఎత్తు మీద జీపు మొరాయించింది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. తోయించి షెడ్డుకు చేరిస్తే, మిస్త్రీ సలీం భాయ్ హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి క్లచ్ వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు.

“క్లచ్ జారుతుందక్కా,” అంటూ బండి కిందికి దూరాడు. “పెడల్‌కు జర గూడ లూజు లేదు. గింత టైట్ ఎవరు చేసిన్రు? కాలు తీసినా ప్లేటు సక్కగ పట్టదు. గందుకే అరిగింది.”

నాకు బండి నేర్పేటప్పుడు, నా పొట్టి కాలు అడుగుదాకా అందదని మా ఆయనే బిగించారు. “సగం తొక్కితే సాలు, గేరు పడ్తది” అన్నారు. ఆయన పోయి రెండేళ్లు. నేనింకా ఆ సగంతోనే తోలుతున్నాను.

భాయ్ ప్లేటు మార్చి, పెడల్ వదులు చేసి ఇచ్చాడు. బండి ఎత్తు హాయిగా ఎక్కింది. నేనే, సీటు అంచుకు జరిగి, స్టీరింగుకు వేలాడుతూ తొక్కాల్సి వచ్చింది. వీపు వెనక దిండు పెట్టుకోవాలట, భాయ్ సలహా! దిండుతో తీరేదా ఇది?

కొత్త ప్లేటు కూడా అరిగితే అరగనీ. మళ్లీ బిగించమని రేపు భాయ్‌ని అడిగితే…