ఆరో వంతులో కోడుమూరు శారద

మార్చి 3, మంగళవారం
చీటీలు తీశాం. మా కల్లూరు జట్టుకు ఆరో వంతు. ఆఖరిది. నా చెయ్యే అంత!
ఆదివారం ఆరు జట్ల కెప్టెన్లం కూర్చుని, వంతుల వారీగా ఒక్కో పిల్లను ఎంచుకోవాలి. ముందు ఐదుగురు వదిలేసిన వాళ్లే నాకు. పోయినేడు ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా గెలవలేదు. ఈసారీ అంతే అయితే జట్టు రద్దు... ఏడ్చి లాభం లేదు.
నాకు కావాల్సింది ఒక్కతే. కోడుమూరు శారద. గోల్‌కీపర్.

మార్చి 4
మెడికల్ షాపులో మధ్యాహ్నం గిరాకీ లేదు. మాత్రల అట్ట వెనక అంచనా రాశాను. బి క్యాంపు కెప్టెన్ రమ పొడుగు చూసి పడిపోతుంది — హైజంప్ పిల్లను తీసుకుంటుంది. పాతబస్తీ వాళ్లకు పరుగు కావాలి — నస్రీన్. మిగతా ముగ్గురూ గోల్ కొట్టేవాళ్ల వెంటే పడతారు. ఆపేదాన్ని ఎవరూ మొదట అడగరు. శారద నా దాకా మిగులుతుంది.
మిగలాలి.

మార్చి 5
సెలక్షన్ ఆట. శారద పొద్దున్నే మగ్గం దిగి, బస్సులో నిలబడి వచ్చింది. తొమ్మిది బంతులు ఆపింది. మోచెయ్యి చెక్కుకుపోయినా చూసుకోలేదు. రమ మాత్రం ఆట చూడటం లేదు, నా ముఖం చూస్తోంది — నేను మెచ్చుకున్న పిల్లను ఎగరేసుకుపోదామని.
శారద ఎదురొచ్చి "అక్కా, బాగుండావా?" అంది. పలకలేదు. ఎవరో తెలియనట్టు నడిచిపోయాను. రమ నమ్మేసింది. భలే చేశానని షేర్ ఆటోలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మార్చి 6
అంచనా మళ్లీ చూశాను. మార్పేమీ లేదు.

మార్చి 7
శారదకు ఫోన్. ఎత్తలేదు. మగ్గం చప్పుడులో వినపడి ఉండదు.

మార్చి 8, ఆదివారం
ఐదు పేర్లలో నాలుగు నేను రాసినవే! నా వంతు. "కోడుమూరు శారద" అన్నాను.
రమ పకపకా నవ్వింది. "ఆ పిల్ల నిన్న వచ్చి పేరు కొట్టేయించుకునింది కదా!"
పేర్లు రాసుకునే సారు లిస్టు చూపించారు. పేరు మీద అడ్డగీత, పక్కన సంతకం. ఇంకొకరిని చెప్పమన్నారు. చెప్పనన్నాను. బుధవారం సాయంత్రం లోపల ఆ పిల్ల వచ్చి మళ్లీ సంతకం పెట్టాలట, లేకుంటే ఆ వంతు పోయినట్టే. "ఆలోచించుకో పాపా" అన్నారు.
ఆలోచించేదేముంది.

మార్చి 9
కోడుమూరు. శారద మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తోంది. తల ఎత్తలేదు. వాళ్లమ్మ నీళ్లిచ్చి కూర్చోమంది.
"అందరి ముందర పలకకుండా పోయినావు కదక్కా. అంత శాతకానిదాని మాదిరి కనపడినానా?"
రమ కోసం వేసిన ఎత్తు అని చెప్పాను.
"ఎత్తులు నాకు తెలీవు. పలకరిచ్చినా పలకలేదంటే మా ఊర్లో ఇంగ వద్దనే అర్థం."
మా ఇంట్లోనూ అంతే. తెలిసీ చేశాను. అయిదుగురి మనసులు లెక్కగట్టుకుంటూ కూర్చున్నాను గానీ ఈ పిల్ల ఏమనుకుంటుందో ఒక్కసారైనా అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.
"తప్పు నాదే" అన్నాను. శారద మళ్లీ నేతలో పడింది.

మార్చి 10
షాపుకు సెలవు. మళ్లీ కోడుమూరు.
"మళ్లా వచ్చినావా తల్లీ?" — వాళ్లమ్మ.
"రేపు కూడా వస్తానమ్మా."
లోపల మగ్గం ఆగలేదు.

మార్చి 11, బుధవారం
వాళ్ల అరుగు మీదే రాస్తున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. సంతకానికి సాయంత్రం దాకే గడువు. ఎండ కాళ్ల మీదికొచ్చింది. జరగను.
లోపల మగ్గం ఆగింది.
శారద గొంతు — "అమా, మూడింటి బస్సు ఉండాదా?"
నన్ను పంపించేయడానికా... తను రావడానికా...