బండమ్మ కింద గది

జూన్ 14, శనివారం
తెల్లారేదాకా వాన. లేవగానే వెనక గది గోడ తడిమాను. చెమ్మ. గది వెనకే కొండ, కొండ మీద బండమ్మ... లారీ అంత రాయి, ఒళ్లంతా పసుపు, నుదుట బొట్టు. సరిగ్గా దాని కిందే మా పాప చిన్ని పడుకునే మంచం.
రాయి అడుగున చెయ్యి దూరేంత సందు. పోయినేడు లేదు. ఒట్టు, లేదు.

జూన్ 15
ఆయనకు చెప్పాను. పోర్టు డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ నవ్వాడు. "మా తాత కాలం కాడ్నుంచి ఉందే. నువ్వొచ్చినావని ఇప్పుడు దిగొత్తాదేటి?"
నాకు నవ్వు రాలేదు.

జూన్ 17, మంగళవారం
అత్తమ్మ మళ్లీ కొండ కథ ఎత్తుకుంది. పద్మనాభం నుంచి పోర్టులో బస్తాలు మోయడానికొచ్చిన మామగారి తండ్రికి కింద జాగా దొరకలేదు. ముళ్లపొదలు కొట్టి పైకెక్కాడు. బండమ్మ అండన గుడిసె. ఆయన వెనకే ఊళ్లోవాళ్లంతా. ఎవరి గుమ్మం ముందు మెట్లు వాళ్లే కట్టుకున్నారు, ఏ రెండూ ఒక ఎత్తులో ఉండవు. ఒకరి మురుగు ఇంకొకరి రేకుల మీద. రోజూ తగువే. కానీ ఏ ముసలమ్మో గ్యాస్ సిలిండర్‌తో ఆయాసపడుతుంటే, తిట్టుకునేవాళ్లే తగువాపి భుజానికెత్తుకుంటారు. బస్తీ అంటే కొట్టడానికొస్తారు, ఊరనాలి. రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తలో ఈ ఊరంటే భయం. తర్వాత ఇష్టం. ఇప్పుడు మళ్లీ భయం.

జూన్ 18
నిన్నా ఇవాళా చినుకు లేదు. అయినా వెనక గోడ మొదట్లో కొత్త మట్టి. పసుపు కలిసిన బురద, అందులో వేపాకులు. నిన్న పక్కింటివాళ్లు బండమ్మకు ముర్రాటలు పోశారు కదా... తల్లి చల్లబడాలని పసుపూ వేపాకూ కలిపిన బిందెల నీళ్లు.
ఆ నీళ్లే రాయి కింద మట్టిని తోడుకొస్తున్నాయి. ఏటేటా మేమే తవ్వుతున్నాం, దణ్ణం పెట్టి మరీ.
వచ్చే మంగళవారం బండమ్మ పండగ, కొండంతా పోస్తుంది.

జూన్ 20
అత్తమ్మతో అనేశాను. ఈ ఏడు బొట్టు పెట్టి ఊరుకుందాం అని. పొయ్యి దగ్గర్నుంచి లేచింది. "ఏటే, తల్లికి నీల్లాపేత్తావా? ఆ పెద్ద తుపాన్లో అందరి రేకులూ ఎగిరిపోనాయి. మనింటి మీద ఒక్కటి కదల్లేదు. ఎవులు కాసినారనుకున్నావ్?"


జూన్ 21
చిన్ని మంచం ముందు గదిలోకి లాగాను. అత్తమ్మ చూసింది.

జూన్ 22
వాన. రేకు మీద ఏదో దబ్బుమంది. తింటున్న అన్నం వదిలేసి, చిన్నిని చంకనేసుకుని మెట్ల మీదికి పరిగెత్తాను. పిల్లి.

జూన్ 23
ఆయన పైకెక్కి చూశాడు. దిగొచ్చాక నవ్వలేదు. "పెద్దోల్లతో మాటాడతాను" అని వెళ్లాడు.
వాళ్ల గోడలూ చెమ్మేనట. అందరికీ భయమేనట. అందుకే ఈసారి ఇంటికి రెండేసి బిందెలట!

జూన్ 24, మంగళవారం
డప్పులు. మొదటి బిందె ఎప్పుడూ మా ఇంటిదే. అత్తమ్మ ఎత్తింది, పోయకుండా నిలబడిపోయింది. పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది... "కదలకే తల్లీ, కదలకే." పోసింది. వెనక కొండంతా వరుస.
దిగుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "పిల్లని తీసుకుని సబ్బవరం మీ ఆడపడుచు కాడికెల్లిపో. ఈపొద్దే."
మరి మీరు?
"నాను దిగిపోనాననుకో, ఈ కొండ మీద ఒక్కులుంటారేటే?"
చిన్ని బట్టలు సంచిలో కుక్కాను. పైన ఇంకా పోస్తూనే ఉన్నారు. వెనక గదిలో, చిన్ని మంచం ఉన్న చోట, అత్తమ్మ చాప పరుచుకుంటోంది.