అక్క ఏడుపుకు దొరికిన పేరు

కొడకండ్ల,
ఆదివారం.

రజితక్కా,

నీ కీమో సంగతులు మహబూబాబాద్ నుంచి అవ్వ రోజూ ఫోన్ చేసి చెబుతోంది. "అక్క ఏడ్సుడు ఆమె తప్పు గాదు బిడ్డా. క్యాన్సర్‌తోని ఒంట్ల టెన్షన్ హార్మోన్లు పెరిగి మనసు కుంగుతదట. డాక్టరే చెప్పిండు" అంది నిన్న. సిగ్గు విడిచి రాస్తున్నాను, కుళ్లుకున్నాను. నీ జబ్బు చూసి కాదు, నీకు దొరికిన ఆ మాట చూసి.

మూడేళ్ల కింద నేను మంచం దిగకుండా ఏడిస్తే, గాలి సోకిందని మనల్ని కన్న ఈ అవ్వే నాకు తాయెత్తు కట్టించింది. అది ఇంకా మెడలోనే ఉంది, ఏడుపూ ఉంది.

శుక్రవారం నీ వెంట దవాఖానకు నేనొస్తాను. నీకు తోడొచ్చానని అవ్వ మురుస్తుంది, మురవనీ. డాక్టరు నీకు మందులు రాయడం అయ్యాక మాత్రం, ఆ కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టు.

నీ చెల్లె