గిన్నె అడుగున మిగిలింది

12 జూలై 2003, శనివారం

రెండు బకెట్ల బట్టలు ఉతికాను, ఇడ్లీ పిండి రుబ్బాను, గ్యాస్ బుక్ చేశాను. సాయంత్రం మేడమీద అద్దెకుంటున్న డాక్టర్ సునీత పిలిచింది. పొట్ట కొవ్వు మీద తన థీసిస్. ఆ కొవ్వు ఊరికే పడి ఉండదట, ఒంట్లో వాపు పుట్టించి షుగర్ తెస్తుందట. అందుకోసం నెలరోజులుగా నేను తిన్నవన్నీ తనిచ్చిన పుస్తకంలో రాస్తున్నాను.

"ఆంటీ, నడుం కొలత పెరిగింది, రక్తంలో వాపు ఎక్కువే ఉంది, షుగర్ అంచుమీదుంది. పుస్తకం చూస్తే పిట్ట తిండి! ఇంత పద్ధతిగా రాసింది మీరొక్కరేనండీ. సోమవారం మా సార్‌కి మీ కేసే చూపిస్తున్నా," అంది సంబరంగా.

అమ్మకూ నా వయసులోనే షుగర్ మొదలైంది. చివరికి కాలి వేలు తీసేశారు.

రాత్రి అంట్లు సర్దుతుంటే నా చెయ్యి దానంతటదే పప్పు గిన్నె అడుగున అన్నం కలిపింది. రెండు ముద్దలు మింగాక తెలివొచ్చింది. పిల్లలు వదిలిన పెరుగన్నం, ఆయన పక్కకు నెట్టిన వేపుడు, నెయ్యి గిన్నె తుడిచిన ముద్ద... రోజూ ఉండేవే. పారేయడం ఎందుకని నోట్లో వేసుకునేదాన్ని గానీ, అదీ తిండేనని ఎప్పుడూ అనుకోలేదు.

వెంటనే మేడెక్కి చెప్పేశాను.

"అయ్యో ఆంటీ! అంటే రోజూ ఇంకో భోజనం!" అని తల పట్టుకుంది. తర్వాత నవ్వేసింది. "సోమవారం నాకు తిట్లు తప్పించారు. ఇకనుంచి మీ పొట్టను చెత్తబుట్ట చెయ్యకండి."

మూడు నెలలకు మళ్లీ రక్తం తీస్తుందట. అప్పటికి అంచుమీదున్న షుగర్ ఇటు జరుగుతుందో, అటో...

ఇవాళ్టి పేజీలో రాత్రి భోజనం కింద చేర్చాను: పప్పు గిన్నె అడుగు, రెండు ముద్దలు. పుస్తకంలో రాయకుండా సునీతకు నేను పడ్డ బాకీ తీరింది.