బిగబట్టిన పగ్గం

జమ్మలమడుగు,
11 మార్చి 2025, మంగళవారం.

పూజ్యులైన నాన్నగారికి,

మీ కూతురు సుమ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను, నా కోడెలు సింగడు, బసవడు క్షేమం. మీరు ఢిల్లీలో క్షేమమని రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం.

మొన్న ఆదివారం ప్రొద్దుటూరు బండలాగుడు పోటీలో, ఇంకా పళ్లు మారని లేత కోడెలకు పెట్టే పాలపళ్ల విభాగంలో మన జతకు మొదటి బహుమతి వచ్చిందని నిన్న ఫోన్‌లో శభాష్ అన్నారు. ఆ శభాష్ నాకొద్దు నాన్నా. అసలు సంగతి చెప్పేలోగా మీటింగ్ ఉందని పెట్టేశారు, అందుకే రాస్తున్నాను.

మన కోడెలు సగం సమయానికే రొప్పుతూ నిలబడిపోయాయి. తర్వాత కొండాపురం రహమాన్ కోడెలు దిగాయి. బండను ఖాళీ బండిలా ఈడ్చుకుపోయాయి. మనవి ఆగిన గుర్తుకు ఇంకా కాస్త దూరం ఉందనగా రహమాన్ పగ్గం బిగబట్టాడు. టైం ఉంది, కోడెలు ముందుకు గుంజుతున్నాయి, ఆయనేమో వెనక్కి లాగుతున్నాడు. జనమంతా చూశారు. చూసి కూడా నా పేరుతోనే ఈలలు వేశారు.

పోయి అడిగితే, “ఏం చేయమంటావు పాపా? డ్యాములో మునిగిన ఊరోళ్లం. కాలనీలో ఇండ్ల పట్టాలు మీ నాయన మాటతోనే రావల్ల. ఆయన కూతురి ఎడ్లను ఓడిచ్చి మేం యాడికి పోతాం?” అన్నాడు.

ఇంతకన్నా సిగ్గుచేటు ఫ్లెక్సీ. నేను గెలిచానని మనవాళ్లు ముందురోజు సాయంత్రమే బైపాసులో కట్టేశారు. అందులో నా పక్కనున్నవి మన కోడెలే కావు! వాటిని మేపే ఆదెన్న అది చూసి, “ఇవి ఎవురివి మా? మనవాటికంటే శానా బాగుండాయే” అన్నాడు.

కేంద్రమంత్రి కూతురి బతుకే ఇంత. బడి పరుగుపందెంలో నేను కిందపడితే, లేచేదాకా పిల్లలు ఆగేవాళ్లు. నా ఓణీల ఫంక్షన్‌లో జనం బారులు తీరి మీతో ఫోటోలు దిగారు, నన్ను కాస్త పక్కకు జరగమన్నారు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, నేను ఆడలేనని చెప్పేవాళ్లే లేరు.

ఈ కోడెలను దూడలప్పటి నుంచి సాకాను. ఉలవలు నేనే ఉడకబెట్టాను. అవి నిజంగా ఎంత లాగగలవో నాకు తెలియాలి, అంతే. వచ్చే ఆదివారం పులివెందులలో పోటీ. మీరే రహమాన్‌కు ఫోన్ చేసి, పట్టాలకూ దీనికీ సంబంధం లేదని, పగ్గం వదలమని చెప్పండి. మీరు చెబితేనే నమ్ముతాడు. లేదంటే నేను కోడెలను దింపను.

మోకాలి నొప్పి ఎలా ఉందని అమ్మ అడగమంది.

మీ కూతురు,
సుమ

తా.క.: ప్రతాప్ మామా, నాన్న పి.ఏ. నువ్వే కాబట్టి ఈ కవరు చించేదీ నువ్వే. రెండేళ్లుగా నాన్న జవాబులన్నీ దాచుకున్నాను. టైపు చేసిన ఉత్తరం, కింద నాన్న సంతకం. ప్రతిసారీ సింగడి గిట్ట నొప్పి, బసవడి మొండితనం పేరుపేరునా అడిగేవారు. నిన్న ఫోన్ పెట్టేసే ముందు నాన్న ఏమడిగారో తెలుసా? “ఆ ఎడ్లు యాడివి మా, ఎప్పుడు కొంటిరి?” అని. ఆ జవాబులు ఎవరివో అప్పుడు తెలిసింది. రహమాన్ భయపడి పగ్గం బిగబట్టాడు, నువ్వు జాలిపడి. ఈసారి నువ్వు రాయొద్దు. నాన్న రాస్తే రాస్తారు. రాయకపోతే నన్ను ఓడిపోనీ మామా.